కిటుకంతా హారంలోనే

లీపు సంవత్సరంలో 53 ఆదివారాలు వచ్చే సంభావ్యత ఎంత? ఇంటర్ రెండో ఏడాది గణితం చదివినవాళ్లలో ఈ లెక్క చేయనివాళ్లు ఉండరేమో. 366 రోజుల్లో 52 వారాలు పోను రెండు రోజులు మిగులుతాయి. ఆ రెండూ ఆది–సోమ కావచ్చు, సోమ–మంగళ కావచ్చు, అలా అలా శని–ఆది దాకా ఏడు జతలు. వాటిలో ఆదివారం ఉన్నవి రెండు. కాబట్టి జవాబు 2/7. జవాబు చుట్టూ పెన్సిల్‌తో ఒక డబ్బా కట్టి పిల్లలు తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు.

మార్కులు పడతాయి. క్యాలెండర్ మాత్రం ఒప్పుకోదు.

మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌లో నాలుగుతో భాగించబడే ప్రతి ఏడూ లీపే, ఒక్క శతాబ్ది సంవత్సరాలు తప్ప. అవి 400తో భాగించబడితేనే లీపు అవుతాయి. అందుకే 2000 లీపు అయింది, 2100 కాదు. ఇలా 400 ఏళ్లలో 97 లీపు సంవత్సరాలు వస్తాయి. ఆ 400 ఏళ్ల మొత్తం రోజులు 1,46,097. దీన్ని ఏడుతో భాగిస్తే శేషం లేకుండా 20,871 వారాలు వస్తాయి. అంటే 400 ఏళ్లు తిరిగేసరికి క్యాలెండర్ మళ్లీ మొదటికొస్తుంది, అవే తేదీలు అవే వారాల్లో పడతాయి. ఇక ఊహలతో పనేముంది, కూర్చుని లెక్కపెట్టడమే. ఆ 97 లీపు సంవత్సరాల్లో ఆదివారంతో మొదలయ్యేవి 15, శనివారంతో మొదలయ్యేవి 13. ఈ రెండు రకాల్లోనే 53 ఆదివారాలు ఉంటాయి. కాబట్టి అసలు జవాబు 28/97. దశాంశాల్లో చూస్తే పుస్తకం చెప్పేది 0.2857, క్యాలెండర్ చెప్పేది 0.2887. ఇదే ప్రశ్న మంగళవారానికో గురువారానికో వేస్తే 27/97 వస్తుంది. పుస్తకం లెక్కలో ఏడు వారాలూ సమానమే, క్యాలెండర్‌కు మాత్రం మంగళ, గురువారాల మీద కాస్త చిన్నచూపు. ఇంతకీ 2028 జనవరి 1 శనివారం. ఆ లీపు ఏట 53 శనివారాలు, 53 ఆదివారాలు ఉంటాయి. అక్కడ సంభావ్యత ప్రసక్తే లేదు.

తేడా మూడో దశాంశ స్థానంలో ఉంది కదా, దానికింత గొడవ ఎందుకని అడగొచ్చు. గొడవ తేడా గురించి కాదు, అది పుట్టిన చోటు గురించి. ఏడు జతలు రాసుకున్నాక అవన్నీ సమసంభవాలని ఎవరూ నిరూపించలేదు. అలా అనిపించింది, అంతే. సంభావ్యత లెక్కల్లో కష్టమంతా ఇలాంటి చోటే దాక్కుంటుంది. గుణకారాలూ భాగహారాలూ ఐదో తరగతి స్థాయివే. లవంలో ఏం వేయాలో ప్రశ్నే చెబుతుంది. హారంలో ఏం వేయాలో మాత్రం చెప్పదు, దాన్ని మనమే వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో గెలీలియో కాలం నుంచి కోర్టుల దాకా ఎందరో తప్పటడుగులు వేశారు.

గెలీలియో కథ పాచికలది. 17వ శతాబ్దం తొలినాళ్లలో ఇటలీలోని టస్కనీ పాలకుడి కొలువులో జూదగాళ్లకు ఒక అనుమానం వచ్చింది. మూడు పాచికలు వేస్తే మొత్తం 9 రావడానికి ఆరు దారులు: 6-2-1, 5-3-1, 5-2-2, 4-4-1, 4-3-2, 3-3-3. మొత్తం 10 రావడానికీ ఆరే: 6-3-1, 6-2-2, 5-4-1, 5-3-2, 4-4-2, 4-3-3. రెండూ సమానంగా పడాలి. మరి ఆటలో 10 కాస్త ఎక్కువగా పడుతోందేమిటని గెలీలియోను అడిగారు.

మూడు పాచికలకు మూడు రంగులు వేసి చూస్తే విషయం తేలిపోతుంది. 6-2-1 అనేది ఒక్క దారి కాదు. ఎర్ర దాని మీద 6 పడొచ్చు, 2 పడొచ్చు, 1 పడొచ్చు. అలా ఆరు ప్రస్తారాలు. 5-2-2కు మూడే. 3-3-3కు ఒక్కటే. ఈ లెక్కన 9కి 25 దారులు, 10కి 27, హారంలో 6×6×6 అంటే 216. పాచికలకు రంగు వేయకపోయినా లెక్క మారదు, ఎందుకంటే పాచికకు తన రంగుతో పనిలేదు. మూడూ ఒకేలా కనిపించడం చూసేవాడి సమస్య. ఈ కథలో విశేషం గెలీలియో జవాబు కాదు, జూదగాళ్ల కన్ను. 216కు రెండంటే నూటికి ఒకటి కూడా లేని తేడా. దాన్ని ఆటలోనే పసిగట్టారంటే ఎన్ని రాత్రులు పాచికలు దొర్లించి ఉంటారో!

1654లో ఫ్రాన్స్‌లో పాస్కల్, ఫెర్మా రాసుకున్న ఉత్తరాలతో ఈ శాస్త్రం పుట్టిందంటారు. దాని వెనకా ఒక జూదప్రియుడు ఉన్నాడు, పేరు షెవలియే డి మేరే. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడుతుందని పందెం కట్టడం లాభసాటి. మరి రెండు పాచికలతో జంట ఆరు పడాలంటే? ఒక పాచికకు 6 ఫలితాలు, రెండింటికి 36. నాలుగుకు ఆరు ఎంతో 24కు 36 అంతే కదా, 24 సార్లు వేస్తే చాలని ఆయన త్రైరాశికం. కానీ సంభావ్యత త్రైరాశికానికి లొంగదు. ఇక్కడ ‘కనీసం ఒకటి’ అనే మాట కనబడగానే పూరక ఘటన పట్టుకోవాలి, అంటే అసలు పడకుండా పోయే అవకాశం లెక్కకట్టి ఒకటిలోంచి తీసేయాలి. నాలుగుసార్లూ ఆరు పడకపోవడం 5/6ను నాలుగుసార్లు గుణించుకుంటే వస్తుంది. ఒకటిలోంచి తీసేస్తే 0.518. జంట ఆరుకు 35/36ను 24 సార్లు గుణించి తీసేస్తే 0.491. మొదటి పందెం సగానికి పైన, రెండోది సగానికి కింద. ఇంకొక్కసారి, 25వ సారి కూడా వేయనిస్తే రెండో పందెమూ లాభంలో పడేది.

పూరక ఘటనతో తేలే లెక్కల్లో అందర్నీ బోల్తా కొట్టించేది పుట్టినరోజులది. గదిలో ఎంతమంది ఉంటే వాళ్లలో ఏ ఇద్దరికైనా ఒకే రోజు పుట్టినరోజయ్యే అవకాశం సగం దాటుతుంది? 365లో సగం కాబట్టి 180 పైచిలుకు అని చాలామంది అంటారు. జవాబు 23.

మొదటి మనిషికి ఏ రోజైనా ఫర్వాలేదు. రెండోవాడు ఆ రోజును తప్పించుకోవాలి: 364/365. మూడోవాడు రెండు రోజుల్ని తప్పించుకోవాలి: 363/365. ఇలా 23వ మనిషి దాకా గుణించుకుంటూ పోతే 0.493 మిగులుతుంది. ఒకటిలోంచి తీసేస్తే 0.507. అరవైమంది కూర్చునే జూనియర్ కాలేజీ సెక్షన్‌లో అయితే ఇది 0.994. పందెం కడితే దాదాపు గెలిచినట్టే.

నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం మనిషి తనను కేంద్రంగా పెట్టుకోవడం. ‘నా పుట్టినరోజే ఇంకొకరికి ఉండే అవకాశం’ అని మనసు ప్రశ్నను మార్చేసుకుంటుంది. అది వేరే లెక్క. దానికి సగం అవకాశం దాటాలంటే మీరు కాక మరో 253 మంది కావాలి. 23 మందిలో మాత్రం ఎవరికి ఎవరైనా జత కావచ్చు. 23 మంది నుంచి ఇద్దర్ని ఎంచే సంయోగాలు ఎన్నో చూస్తే అవీ 253! రెండు చోట్లా అదే సంఖ్య రావడం పూర్తిగా కాకతాళీయం కాదు. తప్పించుకోవలసిన ‘గండాలు’ రెండు లెక్కల్లోనూ ఇంచుమించు అన్నే.

ఈ లెక్కలోనూ లీపు సంవత్సరం లెక్కలోని లొసుగే ఉంది. 365 రోజులూ సమసంభవాలని అనుకున్నాం. తెలుగునాట పెద్దతరం వాళ్ల సర్టిఫికెట్లు తిరగేస్తే ఆ ఊహ ఎంత నిలుస్తుందో తెలుస్తుంది. బడిలో వేసేటప్పుడు ‘ఎప్పుడు పుట్టాడమ్మా’ అంటే ‘ఏరువాకప్పుడండీ’ అనేది తల్లి. పంతులుగారు వయసు సరిపోయేలా చూసి జూన్ 1 అనో జులై 1 అనో రాసేసేవారు. రిటైరైన ఉద్యోగుల్లో ఆ రెండు తేదీల్లో పుట్టినవాళ్లు అంతమంది తగలడానికి గ్రహాలు కారణం కాదు, పంతులుగారి కలం. రోజులు సమానం కాకపోతే జవాబు ఎటు కదులుతుంది? కొన్ని తేదీల దగ్గర జనం గుమిగూడితే ఒకే రోజు తగిలే అవకాశం పెరుగుతుందే కానీ తగ్గదు. అలాంటి గదిలో 23 కంటే తక్కువ మందే చాలు.

ఇక పరీక్షల్లో వాడుకగా కనిపించే మరో లెక్క. ఏ నూటికి 75 సార్లు నిజం చెబుతాడు, బి నూటికి 80 సార్లు. ఒక సంఘటన గురించి వాళ్లిద్దరి మాటలు పొసగకపోయే సంభావ్యత ఎంత? ఏ నిజం, బి అబద్ధం: 3/4×1/5. ఏ అబద్ధం, బి నిజం: 1/4×4/5. కలిపితే 7/20. ఇక్కడికి పుస్తకం ఆగిపోతుంది. ఆసక్తికరమైన ప్రశ్న దాని పక్కనే ఉంది. ఔనా కాదా అనే ప్రశ్నకు ఇద్దరూ ఒకే జవాబు చెప్పారనుకుందాం. అది నిజమయ్యే అవకాశమెంత? ఇద్దరూ నిజం చెప్పడం 0.60. ఇద్దరూ అబద్ధమాడటం 0.05. మాటలు కలిశాయన్నాక పొసగని 0.35ను కొట్టేయాలి. ఇక హారం ఒకటి కాదు, 0.65. జవాబు 0.60/0.65, అంటే 12/13. విడివిడిగా 75, 80 శాతం నమ్మదగినవాళ్లు మాట కలిపేసరికి 92 శాతం దాటారు. షరతు సంభావ్యత అంటే ఇంతే. కొత్త సమాచారం వచ్చింది కాబట్టి పాత హారం చెల్లదు.

అయితే పై గుణకారాలన్నిటి వెనక ఒక మాట నక్కి ఉంది: వాళ్లిద్దరూ స్వతంత్రంగా చెప్పారని. సాక్ష్యానికి ముందు ఇద్దరూ టీకొట్టు దగ్గర కూర్చుని ఏం చెప్పాలో మాట్లాడుకుని ఉంటే 12/13కు విలువ లేదు. అప్పుడు ఉన్నది ఇద్దరు సాక్షులు కాదు, ఒకే సాక్ష్యం రెండు గొంతుల్లో.

హారం మారడాన్ని పట్టించుకోకపోతే డాక్టర్ల దగ్గరా చిక్కే. ఒక ఊహాత్మక పరీక్ష తీసుకుందాం. జబ్బు నూటికి ఒకరికి ఉంది. జబ్బున్నవాళ్లలో 95 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది. లేనివాళ్లలో 5 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? బేయీ సిద్ధాంతం అని పాఠం ఉంది, సూత్రం రాస్తే చాలు. సూత్రం మరచిపోయినా పదివేలమందిని వరసలో నిలబెడితే సరి. వాళ్లలో జబ్బున్నవాళ్లు 100 మంది, అందులో 95 మందికి పాజిటివ్. జబ్బు లేనివాళ్లు 9,900 మంది, అందులో 5 శాతం అంటే 495 మందికి పాజిటివ్. పాజిటివ్ కాగితం చేత పట్టుకున్నవాళ్లు మొత్తం 590, నిజంగా జబ్బున్నవాళ్లు 95. అంటే 16 శాతం. ‘జబ్బుంటే పాజిటివ్ వచ్చే అవకాశం’ 95 శాతమే, కానీ ‘పాజిటివ్ వస్తే జబ్బుండే అవకాశం’ 16 శాతం. మొదటిదానికి హారం రోగులు, రెండోదానికి పాజిటివ్‌లు. వాక్యంలో మాటలు తారుమారైతే హారమూ తారుమారవుతుంది. థామస్ బేయీ ఈ విషయం మీద రాసిన వ్యాసం ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1761లో ఆయన చనిపోయాక రిచర్డ్ ప్రైస్ అనే మిత్రుడు ఆ కాగితాల్ని పట్టించుకుంటే 1763లో వెలుగు చూసింది.

స్వతంత్రత తప్పు, తారుమారు తప్పు రెండూ ఒకే కేసులో ఒక తల్లి మీద పడ్డాయి. 1999లో ఇంగ్లండ్ కోర్టులో విచారణ జరిగింది. ఆమె ఇద్దరు పసిబిడ్డలు ఒకరి తర్వాత ఒకరు హఠాత్తుగా చనిపోయారు. ఆమే చంపిందని అభియోగం. అలాంటి కుటుంబంలో పసిబిడ్డ కారణం తెలియకుండా చనిపోయే అవకాశం 8,543లో ఒకటని ఒక వైద్య నిపుణుడు చెప్పి, ఇద్దరు కాబట్టి దాన్ని దానితోనే గుణించాడు. సుమారు 7.3 కోట్లలో ఒకటి వచ్చింది. జ్యూరీ ఆమెను దోషి అంది.

ఆ గుణకారం చెల్లాలంటే రెండు మరణాలూ స్వతంత్ర ఘటనలు కావాలి. ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు, ఒకే జన్యువులు. మొదటి బిడ్డ మరణానికి కారణమైందేదైనా రెండో బిడ్డ దగ్గరా ఉండే వీలుంది. అది మొదటి తప్పు. రెండోది మరింత లోతైనది. 7.3 కోట్లలో ఒకటి అన్నది సరైనదే అనుకున్నా, అది ‘తల్లి నిర్దోషి అయితే ఇలా జరిగే అవకాశం’. కోర్టుకు కావలసింది ‘ఇలా జరిగింది కాబట్టి తల్లి నిర్దోషి అయ్యే అవకాశం’. ఇద్దరు బిడ్డల్ని కన్నతల్లే చంపడం కూడా అత్యంత అరుదు. ఒక అరుదైన విషయాన్ని మరో అరుదైన విషయంతో పోల్చాలి కానీ ఒకదాన్నే భూతద్దంలో చూపకూడదు. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ సంఖ్యకు ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించింది. 2003లో అప్పీలు కోర్టు శిక్ష కొట్టేసింది. నిర్ణయానికి ప్రధాన కారణం బయటపెట్టని వైద్య పరీక్షల ఫలితాలే అయినా, ఆ సంఖ్యనూ న్యాయమూర్తులు వదల్లేదు. అప్పటికి ఆమె మూడేళ్లకు పైగా జైల్లో గడిపింది.

ఇంతవరకూ సంచిలో ఏముందో తెలుసు, చేతికి ఏం వస్తుందన్నదే ప్రశ్న. సాంఖ్యకశాస్త్రం దీన్ని తిరగేస్తుంది. చేతికి వచ్చింది ఇది, మరి సంచిలో ఏముంది? ఇక్కడ హారమే కనబడదు. దాన్నే అంచనా కట్టాలి.

ఒక ఆస్పత్రి వరండా ఊహించుకోండి. టోకెన్లు 1 నుంచి వరసగా ఇచ్చారు. మొత్తం ఎన్ని ఇచ్చారో చెప్పేవాళ్లు లేరు. అటూ ఇటూ చూస్తే అయిదుగురి చేతుల్లో టోకెన్లు కనిపించాయి: 14, 37, 52, 68, 75. మొత్తం ఎన్ని ఉండొచ్చు?

మొదట తట్టే ఉపాయం అంకమధ్యమం. 1 నుంచి చివరిదాకా సంఖ్యల సగటు దాదాపు మధ్యలో ఉంటుంది. కాబట్టి దొరికిన సగటును రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే చివరి సంఖ్య రావాలి. మన అయిదింటి సగటు 49.2. రెట్టింపు చేసి ఒకటి తీస్తే 97.4. బాగానే ఉంది. కానీ టోకెన్లు 3, 5, 8, 10, 64 అయితే? సగటు 18, అంచనా 35. 64వ టోకెన్ కళ్లెదుట పెట్టుకుని మొత్తం 35 అనడం హాస్యాస్పదం.

రెండో ఉపాయం ఖాళీలది. మన పెద్ద సంఖ్య 75. దాని లోపల కనిపించినవి అయిదు, కనిపించనివి 70. అంటే ఒక్కో టోకెన్‌కు ముందు సగటున 14 ఖాళీలు ఉన్నాయి. చివరి టోకెన్ తర్వాత కూడా అంతే ఖాళీ ఉంటుందని అనుకోవడం న్యాయం. 75కు 14 కలిపితే 89. సూత్రంగా చెబితే పెద్ద సంఖ్యకు, దాన్ని టోకెన్ల సంఖ్యతో భాగించగా వచ్చింది కలిపి ఒకటి తీసేయడం: 75+15−1.

రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు చేసింది ఈ లెక్కే. దొరికిన జర్మన్ ట్యాంకుల గేర్‌బాక్సుల మీద, ఇతర భాగాల మీద ఉన్న క్రమసంఖ్యల్ని రాసుకుని నెలకు ఎన్ని ట్యాంకులు తయారవుతున్నాయో అంచనా కట్టారు. 1942 ఆగస్టుకు గూఢచారుల కబురు 1,550. గణాంకవేత్తల అంచనా 327. యుద్ధం ముగిశాక జర్మన్ల సొంత దస్త్రాలు తీస్తే ఉన్నది 342. 1941 జూన్‌కూ అంతే: గూఢచారులు 1,550 అన్నారు, గణాంకవేత్తలు 244 అన్నారు, దస్త్రాల్లో 271. ప్రాణాలకు తెగించి పంపిన కబుర్ల కంటే గేర్‌బాక్సు మీది అంకెలే ఎక్కువ నిజం చెప్పాయి.

మొదటి ఉపాయం ఎప్పుడో ఒకప్పుడు వెర్రి జవాబిస్తుందని చూశాం. రెండోది దానికంటే మేలని ఎలా నిరూపించడం? ఇక్కడ ఒక తెలుగువాడు వస్తాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో పుట్టారు. అది ఇప్పటి కర్ణాటకలో ఉంది. ఆయన ఇంట్లో ఎనిమిదో సంతానం, అందుకే కృష్ణుడి పేరు పెట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదువుకుని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం పూర్తిచేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క, 1941లో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. కలకత్తాలోనే ఒకరోజు క్లాసులో రావుగారు, పెద్ద నమూనాల్లో అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం ఒకటి వివరిస్తుంటే ఒక విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు ఇలాంటిది లేదా అని అడిగాడు. ఆ విద్యార్థి వి.ఎం. దండేకర్, తర్వాతి కాలంలో పేరున్న ఆర్థికవేత్త. రావుగారు ఆ రాత్రి కూర్చుని దాన్ని సాధించి మర్నాడు తెచ్చారు. పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకంటే తక్కువ విస్తృతితో ఉండలేదని చెప్పే ఆ హద్దును ఇప్పుడు క్రామర్–రావు అసమానత అంటున్నారు. 1945లో అచ్చైన అదే వ్యాసంలో ఇంకో ఫలితమూ ఉంది. దాన్ని 1947లో అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ విడిగా కనుక్కోవడంతో రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమైంది.

ఆ సిద్ధాంతం పేరు వింటే భయం వేస్తుంది కానీ టోకెన్ల మీద పెట్టి చూస్తే ఇంటర్ పిల్లలకూ అందుతుంది. మొత్తం ఎన్ని టోకెన్లన్న ప్రశ్నకు పనికొచ్చే సమాచారమంతా పెద్ద సంఖ్యలోనే ఉంది. 75 అని తెలిశాక, మిగతా నాలుగూ 1 నుంచి 74 లోపల ఎక్కడున్నా అవి కొత్తగా చెప్పేదేమీ లేదు. అలాంటప్పుడు మొదటి ఉపాయం తప్పు ఏమిటంటే, ఏమీ చెప్పని ఆ నాలుగు సంఖ్యల ఊగిసలాటను కూడా నెత్తిన పెట్టుకోవడం. రావుగారి మందు సులువైంది. 75ను కదలకుండా ఉంచి, మిగతా నాలుగింటి బదులు వాటి సగటు విలువను పెట్టండి. 1 నుంచి 74 దాకా సగటు 37.5. నాలుగింటికి 150. 75 కలిపితే 225. అయిదుతో భాగిస్తే 45. రెట్టింపు చేసి ఒకటి తీసేస్తే... 89! ఊగిసలాట తీసేయగానే మొదటి ఉపాయం తనంతట తానే రెండో ఉపాయంగా మారిపోయింది. పక్షపాతం ఏమీ చేరలేదు, విస్తృతి మాత్రం తగ్గింది. వరండాలో కూర్చుని వేళ్ల మీద చేయదగిన ఈ లెక్కలో ఆ సిద్ధాంతం పూర్తిగా ఉంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, రావుగారికి సాంఖ్యకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ప్రకటించినప్పుడు ఎంపికచేసినవాళ్లు ప్రత్యేకంగా పేర్కొన్నది ఆ 1945 వ్యాసాన్నే. ఆ ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

కొంత చూసి అంతా చెప్పడం మనకు కొత్త కాదు. భారతంలో నలుడి కథ అందరికీ తెలిసిందే. పాచికల్లో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉన్నాడు. దమయంతి స్వయంవరానికి రథం పరుగెడుతుంటే దారిలో ఒక తాండ్ర చెట్టును చూపించి, దాని రెండు కొమ్మలకు ఉన్న ఆకులు అయిదు కోట్లనీ, కాయలు 2,095 అనీ రాజు చెబుతాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి మరీ లెక్కపెడతాడు. కాయల లెక్క సరిపోతుంది. ఇదెలా తెలిసిందంటే, తనకు అక్షహృదయం తెలుసంటాడు ఋతుపర్ణుడు. అంటే పాచికల రహస్యం. పాచికలకూ చెట్టుకాయల అంచనాకూ ఒకే విద్య అనడం ఇయాన్ హ్యాకింగ్ వంటి తత్వవేత్తల్ని కూడా ఆకట్టుకుంది. మనకు ఇంకో కొసరు ఉంది. ఆ కాలపు జూదంలో పాచికలుగా వాడింది ఆ చెట్టు కాయల్నే. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయల సరసన పడే తానికాయ అదే.

ఋతుపర్ణుడు ఆ కొమ్మల్లో ఏ రెమ్మలు చూశాడన్నది ఇప్పటి గణాంకవేత్తలు వేసే మొదటి ప్రశ్న. కాయలు నిండుగా ఉన్న రెమ్మలు చూస్తే లెక్క పెరుగుతుంది, ఎండినవి చూస్తే తగ్గుతుంది. ఆస్పత్రి వరండాలోనూ అంతే. తెల్లవారుజామున వచ్చి ముందు వరసలో కూర్చున్నవాళ్ల టోకెన్లే చూస్తే 89 కాదు, ఏదో 30 వస్తుంది. అందుకే ఎంపిక మనిషి కంటికి వదిలిపెట్టరు. బెంగాల్ జనపనార సర్వేల్లో మహలనోబిస్ ఈ విషయం మీద ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. దాని వారసత్వం ఇప్పుడు తెలుగు పల్లెల్లో పంట కోత ప్రయోగాల రూపంలో కనిపిస్తుంది.

వరి కోతల వేళ సిబ్బంది టేపు, కొయ్యమేకులు, తాడు పట్టుకుని పొలానికి వస్తారు. ఏ సర్వే నంబరు చేనో యాదృచ్ఛిక సంఖ్యలే తేలుస్తాయి. ఆ చేలో ఒక మూల నుంచి పొడుగున ఎన్ని అడుగులు, అడ్డంగా ఎన్ని అడుగులు వేయాలో కూడా అవే చెబుతాయి. అక్కడ మేకు దిగుతుంది. మేకు దిగిన చోట పైరు పడిపోయి ఉండొచ్చు, ఎలుకలు కొట్టి ఉండొచ్చు, లేదా చేనంతటికీ మంచి చెక్క అదే కావచ్చు. ‘ఇక్కడ బాగా లేదు సార్, పక్కకు జరపండి’ అని ఒకరంటారు. దిగుబడి తక్కువ తేలితేనే బీమా వస్తుందని తెలిసినవాళ్లు ఇంకో వైపుకు జరపమంటారు. మేకు జరగకూడదు. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున తాడు కట్టి, లోపలి పైరు కోసి, నూర్చి, తూస్తారు. ఆ చదరం 25 చదరపు మీటర్లు. ఎకరం 4,047. అంటే ఎకరానికి దాదాపు 162 చదరాలు. తక్కెడలో 12 కిలోలు తూగితే ఎకరానికి 1,944 కిలోలు, 75 కిలోల బస్తాల్లో 26కు ఒక పిసరు తక్కువ. గింజలో తేమ ఉంటే ఆరబెట్టి మళ్లీ తూయాలి. తాడు అంచున నిలబడ్డ దుబ్బు లోపలిదా బయటిదా అన్న చోట ఒక కిలో అటూ ఇటూ అయితే, కాగితం మీద ఎకరానికి రెండు బస్తాల పైచిలుకు మారిపోతుంది.